జేజినాయన ఓటు, నాగిరెడ్డి రాజీనామా

పోయిన నెల ఒక్క లెటర్ కోసం ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మా చిన్నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీ లేని ఆసుపత్రి కాబట్టి డబ్బంతా చేతి నుంచే పడింది, ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకుంటే ఎంతో కొంత వెనక్కి వస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. దానికి ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు కావాలి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు కావాలి, వీటన్నిటి పైన ఎమ్మెల్యే సిఫార్సు లెటర్ ఉండాలి. ఎవరా ఎమ్మెల్యే అని అడక్కండి, చెప్పను. ఏ పార్టీవాడో కూడా చెప్పను. పార్టీ ఏదైనా ఆ వరండా మాత్రం అట్లే ఉంటుంది, ఫ్లెక్సీ మీద ఫోటోలు మారతాయంతే.

ఉదయం ఏడుకే పోయాను, అప్పటికే నలభై మంది ఉన్నారు. గేటు బయట టిఫిన్ బండి ఒకటి కేవలం ఆ జనం మీదనే బతుకుతోంది. నా పక్కన కూర్చున్నాయన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదకొండు రోజులైందని వచ్చాడు, చీనీ (బత్తాయి) చెట్లు వాడిపోతున్నాయని చెప్పడానికి ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చుకున్నాడు. ఆయన వెనక ఒక టీచరమ్మ బదిలీ కోసం. తిరుమల దర్శనం లెటర్ కోసం కొత్తగా పెళ్లయిన జంట, వాళ్లతో పాటు వాళ్ల అత్త. పీఏ టేబుల్ మీద పసుపు పూసిన మూలలతో పెళ్లి కార్డులు జానెడు ఎత్తున ఉన్నాయి. ఒక్క ముహూర్తానికే ఎన్ని పెళ్లిళ్లకు తిరగాలో ఆ మనిషి! మధ్యలో ఎవరో పోయారని ఫోన్ వచ్చింది, ఎమ్మెల్యే టిఫిన్ సగంలో వదిలేసి దండ తెప్పించుకుని కారెక్కి వెళ్లిపోయాడు. మేమందరం మళ్లీ కూర్చున్నాం.

నిజం చెప్తున్నా, నాకు ఆయన మీద కోపం రాలేదు. జాలి అనిపించింది. మూడు గంటలు అక్కడ కూర్చున్నాను, అసెంబ్లీ అన్న మాట ఒక్కరి నోట్లోంచి కూడా రాలేదు. నా నోట్లోంచీ రాలేదు. అప్పుడే మా జేజినాయన, అంటే మా తాత, గుర్తొచ్చాడు. ఆయన జీవితమంతా ఒక ఎమ్మెల్యే మీద అలిగి ఉన్నాడు, ఆ అలక కథే ఇది.

ఆ ఎమ్మెల్యే తరిమెల నాగిరెడ్డి. అనంతపురంలో పుట్టి పెరిగిన వాళ్లకు పరిచయం అక్కర్లేదు కానీ ఇప్పటి పిల్లలకు, బయటివాళ్లకు చెప్పాలి. 1917లో శింగనమల దగ్గర తరిమెలలో పుట్టారు, బాగా ఉన్న రైతు కుటుంబం. రిషివ్యాలీలో చదివారు, తర్వాత మద్రాసు లయోలా, ఆ తర్వాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం. అంటే ఆ రోజుల్లో మన వైపు నుంచి ఎవరూ కలలో కూడా పోని చోట్లు. అంత చదివి వచ్చి కమ్యూనిస్టు అయ్యారు. 1940లో యుద్ధం గురించి ఒక చిన్న పుస్తకం రాసినందుకు బ్రిటిష్ వాళ్లు జైల్లో పెట్టారు. సొంత కుటుంబం భూమి వెయ్యెకరాలకు పైగా కూలీలకు పంచారని మా వైపు చెప్పుకుంటారు. మా జేజినాయన అయితే ఆ మాట ఎత్తినప్పుడల్లా "మనకు రాలేదులే, మన ఊరు దూరం" అనేవాడు.

ఇక 1952 ఎన్నిక. మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి నాగిరెడ్డి పోటీ. ఎదురుగా ఎవరు? నీలం సంజీవరెడ్డి. అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేసి, ఎన్.జి. రంగాను ఓడించి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడైన మనిషి. ఊరు ఇల్లూరు, ఇప్పటి గార్లదిన్నె మండలం, తరిమెలకు పక్క మండలమే. ఇంకా చెప్పాలంటే సొంత బావ. నాగిరెడ్డి గారి అక్కచెల్లెళ్లలో ఒకరైన నాగరత్నమ్మ గారిని సంజీవరెడ్డికి ఇచ్చారు. ఆ ఎన్నికల్లో ఆ ఆడమనిషి మనసులో ఏముండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను, పుట్టింటి గెలుపు కోరుకోవాలా, మెట్టినింటి గెలుపు కోరుకోవాలా? అది ఎవరూ రాసినట్టు లేదు. మనవాళ్లు చరిత్ర రాసేటప్పుడు వంటింట్లోకి పోరు కదా.

ఆ ఓటు ఎట్లా వేశారో జేజినాయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోతే విత్తనానికి బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలిచే పని మాకు తప్పేది కాదు, చుట్టూ పిల్లలం కూర్చుని వేళ్లు నొప్పి పుట్టేదాకా ఒలుస్తుంటే ఆయన కథ మొదలుపెట్టేవాడు. ముందర మూడు గ్లాసులు వరసగా పెట్టేవాడు. "ఇవి డబ్బాలు అబ్బీ. ఇప్పటి మాదిరి కాయితం మీద గుద్దేది లేదు. తెర ఎనకాల ఒక్కొక్కనికి ఒక్కో డబ్బా పెట్టింటారు, డబ్బా మీద బొమ్మ అతికించింటారు. మనకిచ్చిన కాయితాన్ని మన మనిషి డబ్బాలో ఎయ్యల్ల. అంతే." అని ఒక బుడ్డ తీసి గ్లాసులో టక్కున వేసేవాడు. అది కంకి కొడవలి గ్లాసు. పక్క గ్లాసు కాంగ్రెస్‌ది, జోడెద్దులు. మూడో గ్లాసు ఎవరిదో ఆయనకు గుర్తుండేది కాదు, ప్రతిసారీ వేరే పేరు చెప్పేవాడు.

జేజినాయన అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు, ఒక పెద్ద రైతు దగ్గర జీతానికి ఉండేవాడు, సెంటు భూమి లేదు. తెల్లారి చద్దికూడు తిని జేజిని వెంటబెట్టుకుని నాలుగు మైళ్లు నడిచిపోయి ఇద్దరూ ఓటేశారు. జీవితంలో మొదటి ఓటు. కంకి కొడవలికే వెయ్యాలని దారి పొడుగునా జేజికి చెప్తూనే ఉన్నాడట. ఆమె తలూపింది. లోపలికి పోయి జోడెద్దుల డబ్బాలో వేసి వచ్చింది! ఈ సంగతి పదిహేనేళ్ల తర్వాత ఒక కొట్లాటలో బయటపడింది. ఎందుకేసినావే అంటే ఆమె చెప్పింది, "మన ఇంట్లో ఎద్దుల్లేవు కదా, బొమ్మలోనైనా జత చక్కంగా ఉండాయని ఏస్తి." జేజినాయన ఈ ముక్క చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయేవాడు, జేజి మాత్రం చేటలోంచి తల ఎత్తేది కాదు.

జేజి ఓటు పోయినా నాగిరెడ్డి గెలిచారు. బావ ఓడిపోయాడు. ఒక్క అనంతపురంలోనే కాదు, మద్రాసు రాష్ట్రం మొత్తం మీద 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు 152 వచ్చాయి, మెజారిటీ లేదు, కమ్యూనిస్టులకు 62. చివరికి రాజాజీని మండలి ద్వారా తెచ్చి ముఖ్యమంత్రిని చేసుకోవాల్సి వచ్చింది. మరుసటి సంవత్సరం అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. ఓడిపోయిన సంజీవరెడ్డి రాజ్యసభకు పోయి, కొత్త రాష్ట్రంలో ఉప ముఖ్యమంత్రి అయ్యి, 1956లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రే అయ్యారు. ఓడినవాడు ముఖ్యమంత్రి, గెలిచినవాడు ప్రతిపక్షం. మా జేజినాయనకు ఇది కూడా ఒక ఫిర్యాదే. "మేం ఓడగొట్టినోన్ని తీసకపోయి నెత్తిన పెట్టుకున్నారు, మల్ల మా ఓటుకు ఏమి ఇలువ?" అనేవాడు. నాకు ఇప్పటికీ దీనికి సరైన సమాధానం తెలియదు.

నాగిరెడ్డి గారి మిగతా ప్రయాణం గబగబా చెప్తాను. 1957లో అనంతపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1962లో మళ్లీ శాసనసభకు వచ్చారు. 1964లో పార్టీ చీలితే మార్క్సిస్టు పార్టీ వైపు వెళ్లారు, మళ్లీ జైలు. 1967లో అనంతపురం నుంచే ఆ పార్టీ తరఫున శాసనసభకు గెలిచారు. మరుసటి ఏడాది ఆ పార్టీతో కూడా పడక బయటికొచ్చేశారు, మన కర్నూలు జిల్లా చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వీళ్లంతా ఆయనతోనే వచ్చారు. తర్వాత వీళ్లలో వీళ్లకూ పడలేదు, అది వేరే పెద్ద కథ, నాకు అంత ఓపిక లేదు.

నేను చెప్పాలనుకున్నది 1969 గురించి. ఆ సంవత్సరం మార్చిలో నాగిరెడ్డి శాసనసభలో లేచి నిలబడి, ఈ సభ వల్ల పేదవాడికి భూమి రాదు, వాడి బతుకు మారదు, ఇక్కడ కూర్చుని ప్రయోజనం లేదు, నేను జనంలోకి పోతున్నాను అన్న అర్థంలో సుదీర్ఘంగా మాట్లాడి సభ్యత్వానికి రాజీనామా ఇచ్చేశారు. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, స్పీకర్ బి.వి. సుబ్బారెడ్డి, ఆయన కూడా మన కర్నూలు జిల్లా మనిషే. మూడేళ్ల పదవీకాలం ఇంకా మిగిలి ఉంది. పదవి కోసం కాదు, టికెట్ కోసం కాదు, వేరే పార్టీలోకి దూకడానికి కాదు. ఉన్నదాన్ని వదిలి పోవడానికి ఇచ్చిన రాజీనామా.

ఇప్పుడు రాజీనామా అంటే మనకు ఏం గుర్తొస్తుంది? "స్పీకర్ ఫార్మాట్‌లో ఇచ్చాడా, లేదా?" అదే కదా. ఒక్క వాక్యంలో రాయాల్సిన దానికి రెండు పేజీల బాధ రాసి పంపిస్తారు, ఫార్మాట్‌లో లేదు కాబట్టి అది చెల్లదని రాసినవాడికి ముందే తెలుసు. 1974లో 33వ రాజ్యాంగ సవరణ వచ్చాక రాజీనామా స్వచ్ఛందమేనా, నిజమైనదేనా అని స్పీకర్ తేల్చుకున్నాకే ఆమోదించాలి. బెదిరించి సంతకాలు పెట్టించుకోకుండా ఉండాలని మంచికే పెట్టారు. ఇప్పుడు దాని పుణ్యమా అని లెటర్లు నెలల తరబడి స్పీకర్ సొరుగులో మగ్గుతున్నాయి, రాజీనామా చేసినాయన హాయిగా జీతం తీసుకుంటున్నాడు.

ఇందులో ఇంకో చిత్రం చూడండి. బావ కూడా రాజీనామాలకు ప్రసిద్ధుడే. 1964లో, కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వం తీసేసుకున్న కేసులో సుప్రీంకోర్టు ముఖ్యమంత్రి మీద వ్యాఖ్యలు చేస్తే సంజీవరెడ్డి ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయారు. కోర్టు ఒక మాట అంటే దిగిపోవడం! చెప్తే మా అబ్బాయి నమ్మలేదు. 1969 జూలైలో, అంటే బావమరిది అసెంబ్లీ వదిలిన నాలుగు నెలలకు, రాష్ట్రపతి పదవికి పోటీ చెయ్యడానికి లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. ఆగస్టులో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఒకే ఏడాది, పక్కపక్క ఊళ్ల వాళ్లు, బావా బావమరుదులు, ఒకరు పెద్ద మెట్టు ఎక్కడానికి, ఇంకొకరు మెట్లే వద్దని. ఆ ఏడాది చివర్లో నాగిరెడ్డిని మద్రాసులో అరెస్టు చేశారు, హైదరాబాద్ కుట్ర కేసు పెట్టారు. ఆ కేసులో కోర్టుకు ఇచ్చుకున్న వాంగ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ పుస్తకంగా వచ్చింది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మొదలుపెట్టి వంద పేజీల దగ్గర ఆపేశాను, అంకెలు ఎక్కువ. మొన్న లాక్‌డౌన్‌లో పూర్తి చేశాను. కష్టమైన పుస్తకమే, కానీ ఒక ఎమ్మెల్యేగా చేసిన మనిషి విదేశీ పెట్టుబడుల లెక్కలు జైల్లో కూర్చుని అంత వివరంగా రాశాడంటే మనం ఇప్పుడు ఎవరిని ఎక్కడికి పంపిస్తున్నామో అని కొంచెం సిగ్గేసింది.

సరే, మా జేజినాయన అలక ఏమిటంటే.

1968లో ఊరి బయట గుట్ట కింద బంజరు మూడెకరాలకు ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు, డీకేటీ పట్టా (ప్రభుత్వ భూమిని పేదలకు సాగుకు ఇచ్చే పట్టా) కోసం. రెవెన్యూ వాళ్లు తిప్పుతూనే ఉన్నారు. అదే భూమి మీద ఊరి పెద్ద రైతు కన్ను కూడా ఉంది, అది అందరికీ తెలుసు. చివరికి ఒకరోజు అర్జీ రాయించుకుని ఎమ్మెల్యే దగ్గరికే పోయాడు. నాగిరెడ్డి అర్జీ పూర్తిగా చదివారట, భూమి ఎవరి చేతుల్లో ఉందని అడిగారట, జీతగాడివా అని అడిగారట. కలెక్టర్‌కు రాస్తానన్నారు. రాశారో లేదో ఎవరికీ తెలియదు. ఎందుకంటే నాలుగైదు నెలలకే రాజీనామా. జేజినాయనకు ఈ సంగతి సంతలో తెలిసింది. నేరుగా ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాడంట, రాత్రి కూడు కూడా తినలేదంట.

"మనిషి మంచోడే అబ్బీ, ఆయప్ప అట్లాంటోడు మల్ల పుట్టడు. కానీ గెలిపిస్తిమి కదా మేము? వదిలి పోయేటప్పుడు మమ్మల్ని ఒక మాట అడగల్ల కదా? ఎవర్నడిగి ఇచ్చినాడు రాజీనామా?"

నేను కాలేజీలో ఉన్నప్పుడు ఈ విషయం మీద ఆయనతో గట్టిగా వాదించేవాడిని. నీకు అర్థం కావడం లేదు జేజినాయనా, ఆయన చెప్పింది అదే కదా, ఈ అసెంబ్లీ వల్ల నీ మూడెకరాలు రావని, నీ అర్జీ లాంటివే లక్ష అర్జీలు కుప్పలుగా పడి ఉన్నాయని, అందుకే కదా వదిలేసి పోయింది అని. జేజినాయన నావైపు కాసేపు చూసేవాడు. "నిజమే. ఆయప్ప చెప్పింది నిజమే. నా కాయితం మాత్రం ఆ కుప్పలోనే ఉండె కదా" అనేవాడు.

ఆ పట్టా వచ్చింది. ఎప్పుడో తెలుసా? 1976లో. ఎమర్జెన్సీలో, ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమి పంచుతున్నామంటూ ఊరికి అధికారులు వచ్చి ఇచ్చిపోయారు. అదే ఎమర్జెన్సీలో నాగిరెడ్డి అజ్ఞాతంలో ఉన్నారు. జబ్బు చేసి 1976 జూలై 28న చనిపోయారు, యాభై తొమ్మిదేళ్లకే. ఇంకా మూడు రోజులు తక్కువగా ఏడాది గడిస్తే, 1977 జూలై 25న బావ సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఆ పోటీ లేని ఎన్నిక, ఆ ఢిల్లీ వైభోగం, ఇల్లూరు నుంచి రాష్ట్రపతి భవన్ దాకా అంటూ మా స్కూల్లో టీచర్లు చెప్పిన గొప్పలు అన్నీ నాకు గుర్తున్నాయి. పక్క ఊరి తరిమెల గురించి మా స్కూల్లో ఎవరూ చెప్పలేదు, ఇంట్లో గ్లాసులు పెట్టి చెప్పిన కథే నాకు మిగిలింది.

ఆ పట్టా కాగితం ఇప్పటికీ మా దగ్గర ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే లామినేషన్ చేయించాం. నాగిరెడ్డిని తరిమిన ప్రభుత్వమే జేజినాయనకు భూమి ఇచ్చింది, దీన్ని ఏమనుకోవాలి? కమ్యూనిస్టు మిత్రుడొకడికి చెప్తే, వాళ్ల పోరాటాల భయంతోనే ప్రభుత్వం పంచింది అన్నాడు. కాంగ్రెస్ మిత్రుడికి చెప్తే, చూశావా, చేసేది మేమే అన్నాడు. జేజినాయన ఈ రెండూ ఒప్పుకునేవాడు కాదు. ఆయన లెక్క చాలా సులువు: నాగిరెడ్డి ఆ కుర్చీలో ఉండి ఉంటే ఏడేళ్ల ముందే వచ్చేది. అది తప్పని నేను నిరూపించలేను, ఒప్పని ఆయనా నిరూపించలేకపోయాడు. నా మటుకు నాకు, ఆ వరండాలో మూడు గంటలు కూర్చున్న తర్వాత, నాగిరెడ్డి 1969లో అన్నది ఇంకా బాగా అర్థమైంది, జేజినాయన అలక కూడా ఇంకా బాగా అర్థమైంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయనకు చట్టాల మీద చర్చ ఎందుకు, చీనీ చెట్లు చచ్చిపోతున్నాయి. కానీ ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి శాసనసభ్యుడు ఎందుకు కావాలి? లైన్‌మన్ పని కదా అది. అందరి పనీ ఆయన చేస్తుంటే, ఆయన పని ఎవరు చేస్తారు?

(లెటర్ మూడోసారి పోతే వచ్చింది. చిన్నాన్న పేరు తప్పు రాశారు, మళ్లీ కొట్టించుకున్నాను. పీఏ పాపం విసుక్కోలేదు, టీ కూడా ఇప్పించాడు.)

జేజినాయన చివరి నాలుగేళ్లు అనంతపురంలో మా ఇంట్లోనే ఉన్నాడు. మోకాళ్లు పోయాయి, పొద్దంతా టీవీ ముందరే. అసెంబ్లీ లైవ్ వస్తే మాత్రం ఎవరినీ చానల్ మార్చనిచ్చేవాడు కాదు. చెవులు సరిగా వినపడవు, సౌండు పెంచి పెట్టుకునేవాడు, లోపలేమో అరుపులు, పోడియం దగ్గర తోపులాట, స్పీకర్ లేచి సభ వాయిదా. "మనోడు యాడ కూసున్నాడు?" అని నన్ను అడిగేవాడు. మనోడంటే అప్పటి మా ఎమ్మెల్యే. నేను వెతికేవాడిని, కనపడేవాడు కాదు, వెనక వరసల్లో ఎక్కడో ఉండేవాడు. "ఏమన్నా మాట్లాడినాడా ఈయప్ప?" అని సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే ఇంకో ప్రశ్న. ఆయన చూస్తూనే ఉన్నాడు కదా, అయినా నన్నే అడిగేవాడు, తను నిద్రపోయినప్పుడు మాట్లాడి ఉంటాడేమో అని అనుమానం.

ఒకరోజు కెమెరా అటు తిరిగింది, కనిపించాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను "అదిగో జేజినాయనా, ఆయనే" అని చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కెమెరా ఇంకో వైపు తిరిగిపోయేదాకా చూశాడు.

"చొక్కా బాగుండాది" అన్నాడు.